గాలి శాఖ బిళ్ళ

పావగడ బజారులో ఒక కథ చెప్పుకొని నవ్వుకుంటారు. మీలో చాలామంది వినే ఉంటారు. మంగళవాడలో ఒక రైతుకు దొరలు కంచు మెడల్ పంపితే, సర్కారు తనను విమానాలకు బంట్రోతుగా వేసుకుందని అతను నమ్మాడట. బంగారంలాంటి చేను బీడు పెట్టి, రొమ్ముకు బిళ్ళ కట్టుకొని, ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడట. చివరికి అమల్దారు పిలిపిస్తే, దొంగ బిళ్ళ కట్టుకున్నాను, తప్పయింది, క్షమించండి అని కాళ్ళమీద పడ్డాడట. నేను ఈ కథను నూనె అంగడి దగ్గర విన్నాను, పెళ్ళి పంక్తిలో కూర్చొని విన్నాను. మొన్నీమధ్య కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు నాకే చెప్పి నన్ను నవ్వించబోయాడు. పాపం, ఈ కథను మొట్టమొదట చెప్పినవాణ్ణి నేనేనని అతనికి తెలియదు.

కథలో ముప్పాతిక నిజమే. కాళ్ళమీద పడడం, క్షమించమనడం అబద్ధం. ఆ అబద్ధం ఎలా పుట్టిందో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు కనుక, నేనే రాయాలి.

నేను తాలూకా కచేరిలో గుమాస్తాగా పనిచేశాను. చూపు మందగించి గడువుకు ముందే ఉద్యోగం వదిలాను. మిగతావన్నీ బాగానే ఉన్నాయి, జ్ఞాపకం మరీ బాగుంది. మన వైపు సంగతి మీకు చెప్పనక్కరలేదు. చుట్టూ మద్రాసు జిల్లాలు, నడుమ మైసూరు సంస్థానపు తునక. జనం నోట తెలుగు, కచేరి కాగితం మీద కన్నడం. తాలూకాకు పెద్దలైన అమల్దార్లు మైసూరు, బెంగళూరు వైపునుంచి వచ్చేవారు. చాలామందికి తెలుగు ఒక్క ముక్క రాదు. రైతు తెలుగులో మొర పెట్టుకుంటాడు, గుమాస్తా దాన్ని కన్నడంలో వినిపిస్తాడు. అమల్దారు కన్నడంలో ఒకటి అంటారు, గుమాస్తా దాన్ని తెలుగులోకి దించుతాడు. ఈ పనిలో నాకు మంచి పేరు. రైతు చెట్టూ పుట్టా తిరిగి చెప్పినదాన్ని నేను రెండు ముక్కల్లో తేల్చేవాణ్ణి. అమల్దార్లకు అది ఎంతో హాయి. రైతులకు హాయిగా ఉందో లేదో నేను అడిగిన పాపాన పోలేదు.

విమానం దిగింది శనక్కాయ పీకేసి చేలు ఖాళీగా ఉన్న రోజుల్లో. ఈ యుద్ధం పుణ్యమా అని మీరిప్పుడు తల ఎత్తకుండా మోతను బట్టే ఎన్ని విమానాలు పోతున్నాయో చెప్పగలరు. అప్పట్లో మా వైపు విమానాన్ని కళ్ళారా చూసినవాడు లేడు. ఐరోపానుంచి తూర్పు సముద్రాల అవతలికి ఒకే విమానంలో ఎగిరిపోవాలని బయలుదేరిన ఇద్దరు దొరలు, దారిలో నూనె గొట్టం పగిలి, మంగళవాడ బయట ఒక రైతు చేలో దిగారు. కబురు రాగానే అమల్దారు నన్ను పంపారు, నాకు ఇంగ్లీషు వచ్చుననే నమ్మకంతో. నాతో మా కచేరి డవాలి బంట్రోతును కూడా పంపారు, సర్కారు వచ్చినట్టు కనబడాలి కనుక.

డవాలి అంటే భుజం మీదుగా అడ్డంగా వేసుకునే ఎర్ర పట్టీ. దానిమీద ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద మైసూరు సర్కారు గండభేరుండం ముద్ర. మా బంట్రోతు ఆ బిళ్ళను చింతపండు పెట్టి తోమందే గడప దాటేవాడు కాదు. తాలూకాలో అమల్దారు తర్వాత తానేనని అతని లెక్క. మేము చేలోకి దిగుతుంటే జనం తొలగి దారి ఇచ్చింది నాకు కాదు, ఆ బిళ్ళకు.

దొరలు గొట్టాన్ని తామే అతికించుకున్నారు. కాని నూనె అంతా దారిలోనే కారిపోయింది. పొడుగు దొర నాకు అర్థంకాని ఇంగ్లీషులో చాలాసేపు చెప్పి, చివరకు యంత్రం కింద వేలు పెట్టి తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. ఆముదం! ఆ కాలంలో కొన్ని విమానాల యంత్రాలకు ఆముదమే పోసేవారట. నేను ఆ మాట అనగానే చేను గల రైతు ఇంటివైపు కేక వేశాడు. అతని భార్య ఇంట్లో కాచిన ఆముదం కుండతో వచ్చింది. ఆమెను చూసి తక్కిన ఇళ్ళనుంచీ కుండలు కదిలాయి.

"ఏందప్పా, ఇంత పెద్ద పక్షికి కడుపు కట్టిందా? ఆముదం తాపుతాండారే!" అన్నాడు ఒకడు.

"యెనక పక్క నిలబడొద్దండప్పా. తాగినంక యాడ పెడ్తాదో ఎవురికి తెలుసు!" అన్నాడు ఇంకొకడు.

ఆ రైతు మాత్రం నవ్వలేదు. విమానం లేవాలంటే పరుగెత్తడానికి పొడవైన నేల కావాలని దొర చేతులతో చూపించాడు. రైతు తన రెండు చేల నడుమ గట్టును పారతో పగలగొట్టాడు, జెముడు కంచె కొట్టేశాడు, రాళ్ళు ఏరాడు. ఎవరూ అడక్కుండానే రాత్రి రెక్క కింద పడుకొని పశువులు రాకుండా కాపలా కాశాడు. పొద్దున్నే విమానం లేచి, తిరుమణి వైపు తిరిగి, చూస్తుండగానే చుక్కయిపోయింది. ఎక్కే ముందు పొడుగు దొర రైతు చెయ్యి పట్టుకొని ఊపాడు. "బావిలో నీళ్ళు తోడినట్ల ఊపినాడు సామీ, ఇంగా నొస్తాండాది," అని ఆ రైతు నాకు భుజం చూపించాడు. నేను అతన్ని అప్పుడు మొదటిసారి పరీక్షగా చూశాను. బక్కపలచని మనిషి. మాట తక్కువ. ఊళ్ళో ఎవరి తగువులోనైనా సాక్షిగా నిలబడమని ముందు అతన్నే అడుగుతారని తర్వాత తెలిసింది.

ఏడాది పైన గడిచాక మెడల్ వచ్చింది. ఆ దొరలు అనుకున్న చోటికి చేరారు. వాళ్ళ నగరం వాళ్ళ గౌరవార్థం మెడళ్ళు పోయించింది. అప్పట్లో దూరదేశాలకు ఎగిరిన ప్రతివాడికీ ఏదో ఒక నగరం ఇలా మెడల్ పోయించేదట. ఎగిరినవారికి బంగారం, దారిలో సాయపడినవారికి కంచు. మంగళవాడ రైతును మరవకుండా దొరలు ఒకటి పంపారు. అది బెంగళూరు దాటి, తుమకూరు దాటి, మా కచేరి మేజా మీదికి చేరింది. అరచేతికి నిండుగా, బరువుగా ఉంది. ఒక పక్క తోలు టోపీలు పెట్టుకున్న ఇద్దరి ముఖాలు, ఒకరి చెంప ఒకరికి ఆనుకున్నట్టు. రెండో పక్క కింద సముద్రం, పైన విమానం, అంచు చుట్టూ వాళ్ళ భాషలో అక్షరాలు. కొక్కెం లేదు, రంధ్రం లేదు. పెట్టెలో పెట్టుకొని చూసుకునే వస్తువది.

అమల్దారు మంచివారు. "జమాబందిలో అందరి ముందు ఇద్దాం. నీవు వాళ్ళ మాటలో చెప్పు," అని నాతో అన్నారు. జమాబంది అంటే ఏటా శిస్తు లెక్కలు తేల్చే సభ, ఊళ్ళకు ఊళ్ళు వచ్చి కూర్చుంటాయి. ఏ మాటలో చెప్పాలా అని నేను ముందురోజే ఆలోచించుకున్నాను. అమల్దారుది కన్నడంలో పదక. తెలుగులో పతకం అందామంటే, మా వైపు పతకమంటే ఆడవాళ్ళ హారంలో నడుమ వేలాడేది. మగవాడికి పతకం ఇచ్చారంటే సభ సభంతా గొల్లుమంటుంది. మెడల్ అంటే మెడలు తడుముకుంటారు. చివరికి మంచి మాట తట్టింది. గుండ్రంగా, పలచగా, లోహంతో చేసినదాన్ని మనవాళ్ళు ఏమంటారు? బిళ్ళ! అచ్చ తెలుగు, చంటిపిల్లకు కూడా తెలిసిన మాట. ఆ మాట దొరికినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు సభలో నిలబడి గట్టిగా చెప్పాను. "దొరలకు సాయం చేసినందుకు సర్కారు వారి ద్వారా నీకు బిళ్ళ ఇస్తున్నారప్పా!"

సభ గొల్లుమనలేదు. నిశ్శబ్దమైపోయింది. నేను దాన్ని గౌరవం అనుకున్నాను. నిజానికి అందరి చూపూ ఒక్కసారి మా బంట్రోతు రొమ్ము మీదికి పోయి, అక్కడినుంచి రైతు మీదికి వచ్చింది. మన సీమలో సర్కారు ఒక మనిషికి బిళ్ళ ఇచ్చిందంటే ఒకటే అర్థం, బంట్రోతుగా వేసుకుందని. బిళ్ళ బంట్రోతు అన్న మాట నేను రోజుకు పదిసార్లు అనేవాణ్ణి. ఆ రోజు మాత్రం అది నాకు గుర్తుకు రాలేదు.

రైతు రెండు చేతులతో మెడల్ అందుకొని, కళ్ళకద్దుకొని, నావైపు తిరిగి మెల్లగా అడిగాడు. "పనేంది సామీ?"

నాకు నవ్వొచ్చింది. వెనక ఇంకా చాలా పని ఉంది. "ఇంకేం పనప్పా, మళ్ళీ విమానాలు దిగితే చూసుకో!" అన్నాను.

"ఏనంతానె?" అని అమల్దారు నన్ను అడిగారు, ఏమంటున్నాడని. "మీకు కృతజ్ఞతలు చెప్తున్నాడు స్వామీ," అని కన్నడంలో అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

అతను ఇంటికిపోయి, కంసాలి చేత మెడల్‌కు కొక్కెం పెట్టించాడు. ఎర్ర గుడ్డ పట్టీ కుట్టించుకున్నాడు. ఆ తర్వాత వానకు ఊరంతా శనక్కాయ గొర్రు పట్టింది, అతను పట్టలేదు. విమానం దిగిన చేను అతనికున్న వాటిలో మంచి చేను. దాన్ని చదును చేసి, గడ్డి మొలవనీయకుండా పీకి, నాలుగు మూలలా సున్నం రాళ్ళు పాతాడు. వెర్రివాడని నవ్వకండి. అతని లెక్క చూడండి. సర్కారు ఎవరికీ ఊరికే ఏదీ ఇవ్వదు. బిళ్ళ ఇచ్చిందంటే పని ఇచ్చినట్టు. జీతం మాట ఎత్తలేదంటే, ఊరి పని చేసే తలారికీ తోటికీ ఎక్కడుంది జీతం? పని ఏమిటని సభలో అడిగాడు, సర్కారు మనిషి నోటితోనే చెప్పించుకున్నాడు. ఇందులో ఎక్కడ తప్పు పడతారు?

ఒకసారి మా బంట్రోతు ఏదో సమను ఇవ్వడానికి మంగళవాడ పోయి, అతన్ని చూసి మండిపడి వచ్చాడు.

"బిళ్ళ కట్టుకొని చావట్లో నా సరికి సరి కూర్చుండాడప్పా! గండభేరుండం యాడరా అంటే ఏమన్నాడో తెలుసునా? 'నీది భూమి శాఖ, నాది గాలి శాఖ' అన్నాడు! గాలి శాఖంట! నేను పుట్టినంక వినింటే ఒట్టు."

కచేరి కచేరంతా పడి పడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ సాయంత్రమే దానికి ముందూ వెనకా చేర్చి, కళ్ళూ కాళ్ళూ పెట్టి, అంగడి దగ్గర చెప్పాను. కథ అలా బయలుదేరింది.

ఆ తర్వాత అతని భార్య కచేరికి వచ్చింది. ఆముదం కుండ తెచ్చిన మనిషే. అరుగు కింద నిలబడి, నేను బయటికి వచ్చేదాకా కాచుకొంది.

"సామీ, మా ఆయప్పకు నువ్వొక మాట చెప్పల్ల."

"ఏం చెప్పాలమ్మా?"

"ఆ చేన్లో శనక్కాయ యేసుకోమని. పెద్ద చేను బీడు పెట్టుకొని గుట్ట కాడి రాళ్ళ చేన్లో రాగులు యేస్తాండాడు. పిల్లోళ్ళకు అంబలికి కూడా చాలడంల్యా. నేను చెప్తే, 'సర్కారు పనికి అడ్డం రావొద్దే' అంటాడు. బిళ్ళ ఇచ్చింది నువ్వంట కదా. నీ మాటైతే ఇంటాడు. విమానం వచ్చినప్పుడు పీకేసుకుందువులేప్పా అని చెప్పు సామీ, చాలు."

"ఆ బిళ్ళ అలాంటి బిళ్ళ కాదమ్మా," అన్నాను.

"అయితే ఎట్లాంటి బిళ్ళ?"

ఆమె నా ముఖంలోకి చూసి, "నువ్వొచ్చి చెప్పు సామీ. నేను చెప్తే ఊర్లో తల ఎత్తుకోలేడు. నువ్వు చెప్తే, సర్కారు మార్చింది అనుకుంటాడు," అంది.

ఎంత తెలివైన మాటో చూడండి. వచ్చే వారం వస్తానన్నాను. వారం వచ్చింది, పోయింది. దూరమని కాదు, తీరిక లేకా కాదు. పోతే, నేను వాడిన మాట తప్పని ఊరందరి ముందూ ఒప్పుకోవాలి. పోకపోతే మంచి కథ ఒకటి చేతిలో ఉంటుంది. అప్పటికి దాన్ని నేను బాగా చెప్పడం నేర్చుకున్నాను.

మరుసటి ఏడు పటేలు ఎద్దులు ఆ చేలోకి దిగాయి. అతను వాటిని తోలుకొనిపోయి బందెలదొడ్డిలో పెట్టాడు, సర్కారు నేలలో మేశాయని. పటేలు ఎద్దులు! ఊళ్ళో ఇంకెవరి ఎద్దులైనా సర్దుకుపోయేది. సర్కారు ఉద్యోగినని చెప్పి దొంగ బిళ్ళ కట్టుకొని జనాన్ని బెదిరిస్తున్నాడని ఫిర్యాదు వచ్చింది. అది చిన్న నేరం కాదు, జైలు దాకా పోయేది. పాత అమల్దారు బదిలీ అయిపోయారు. కొత్తగా వచ్చినాయన వయసులో చిన్న, తొందర మనిషి, తెలుగు అసలే రాదు.

విచారణ రోజున అతను ఉతికిన పంచె కట్టుకొని, ఎర్ర పట్టీ మీద మెడల్‌తో వచ్చాడు. తీసి రాకూడదా అని నేను లోపల గొణుక్కున్నాను. దాచుకోవలసిందేమీ లేదని అతని ఉద్దేశం. అమల్దారు ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. బిళ్ళ ఎవరిచ్చారని ఆయన అడిగారు, నేను తెలుగులోకి దించాను.

అతను తొందరపడలేదు. "సామీ, జమాబందిలో, నాలుగూర్ల జనం ముందర, మునపటి అమల్దారు దొర చేతులార ఇచ్చినారు. ఈ సామి మా మాటలో చెప్పినాడు, సర్కారు నీకు బిళ్ళ ఇస్తాండాదని. పనేంది సామీ అని అడిగితిని. విమానాలు దిగితే చూసుకో అన్నాడు. అంత మాట చెప్పినంక ఆ చేను ఎట్ల దున్నేది? పటేలు ఎద్దులైతే ఏమి, నా ఎద్దులైతే ఏమి? ఇది సర్కారు బిళ్ళ కాదంటే ఇప్పుడే తీసి ఈడ పెడ్తా. అబద్ధం చెప్పి మాత్రం కట్టుకోలే."

మేజా అవతల అమల్దారు, ఇవతల నేను, నా పక్కన అతను. తలుపు దగ్గర మా బంట్రోతు. అమల్దారు గడియారం చూసి, అలవాటైన మాటే అడిగారు. "ఏనంతానె?"

నా నోరు కన్నడంలో రెండు ముక్కలు పలికింది. "తప్పాయ్తు, క్షమిసబేకు అంతానె స్వామీ." తప్పయింది, క్షమించండి అంటున్నాడు.

అతను చెప్పినదాంట్లో మూడు చోట్ల నేనున్నాను. నేను వినిపించినదాంట్లో ఒక్కచోట కూడా లేను. నా పనితనం చూశారా! దాన్నే అమల్దార్లు ఏళ్ళ తరబడి మెచ్చుకున్నారు.

అమల్దారు ముఖం తేలికపడింది. నవ్వారు కూడా. తప్పు ఒప్పుకున్నాడు కనుక హెచ్చరించి వదిలేస్తున్నానని రాయించి, కొక్కెం విరిచేసి మెడల్ అతనికే ఇచ్చేయమన్నారు. మా బంట్రోతు ఆ పనిని ఎంతో ఇష్టంగా చేశాడు. పట్టీ ఊడదీసి, కొక్కెం పటుక్కున విరిచి, "గాలి శాఖ మూసేసినారప్పా," అన్నాడు. గదిలో అందరూ నవ్వారు.

బయట మెట్ల దగ్గర అతను నాకోసం ఆగాడు.

"సామీ, నేను క్షమించమని అడగలే కదా?"

"నీకు కన్నడం..."

"రాక ఏమి సామీ? సంతలో ఎద్దుల బేరమంతా దాంట్లోనే కదా."

అందరికీ వస్తుంది! తాలూకాలో ప్రతివాడికీ అంతో ఇంతో వస్తుంది. తెలుగు రానిది అమల్దారుకు మాత్రమే. నేను నడుమ నిలబడి దాస్తున్నానని ఏళ్ళ తరబడి అనుకున్నవన్నీ రైతుల చెవుల్లో నేరుగా పడుతూనే ఉన్నాయి. వాళ్ళు మర్యాద కోసం విననట్టు నిలబడ్డారు, అంతే.

"మరి లోపలే ఎందుకు అనలేదు?" అన్నాను.

"అంటే ఏమైతాది? దొర నన్ను నమ్మితే నీ పని పోతాది. నిన్ను నమ్మితే నేను జైలుకు పోతా. నాకు శనక్కాయ యేసే పొద్దు దాటిపోతాండాది సామీ." మెడల్ నడుముకు దోపుకొని వెళ్ళిపోయాడు.

ఆ వానకు చేను దున్నాడు. నేను మనసు తేలిక చేసుకున్నాను. ఇల్లు గడుస్తోంది కదా, జైలు తప్పింది కదా, నేను చేసింది మేలే కదా! ఇలా అనుకోవడానికి ఎంతో చదువు అక్కరలేదు. కచేరిలో కొన్నేళ్ళు పనిచేస్తే చాలు.

తర్వాత ఒకసారి అతని తమ్ముడి గట్టు తగువు కచేరికి వచ్చింది. పక్క చేనువాడు గట్టు జరిపాడు. అసలు గట్టు ఎక్కడుండేదో చూసినవాడు అన్న ఒక్కడే. అతను వచ్చి సాక్ష్యం చెప్పాడు, చింతచెట్టు, బండరాయి, నీళ్ళు పారే కాలువ, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. ఎదుటివాడు ఒక్కటే మాట అన్నాడు. "ఈయప్ప మాట ఎట్ల చెల్లుతాది? దొంగ బిళ్ళ కట్టుకొని, ఇదే కచేరిలో కాళ్ళు పట్టుకొని తప్పు ఒప్పుకున్యాడు కదా!"

అమల్దారు నావైపు చూశారు. నేను ఆ మాటను కన్నడంలోకి మార్చాను, ఈసారి అక్షరం పొల్లుపోకుండా. పాత కాగితంలో తప్పు ఒప్పుకున్నట్టే ఉంది. సాక్ష్యం కొట్టివేశారు. తమ్ముడికి ఆ నేల పోయింది. అన్నదమ్ముల నడుమ మాటలు పోయాయి. ఆ తర్వాత మంగళవాడలో ఎవరూ అతన్ని సాక్షిగా పిలవలేదు.

ఇన్నేళ్ళకు ఎందుకు కదిలానంటే, ఉద్యోగం వదిలాక నాకు నడుమ నిలబడే పని పోయింది. నాతో ఎవరైనా మాట్లాడితే నేరుగా నాతోనే మాట్లాడుతున్నారు. అది అలవాటు లేని పని. మొదట్లో ఇబ్బందిగా ఉంది, తర్వాత బాగుంది. ఒక పొద్దున బండి కట్టించుకొని మంగళవాడ పోయాను.

అతను పెద్దవాడైపోయాడు. భార్య నన్ను గుర్తుపట్టింది. "వచ్చే వారం వస్తానంటివి కదా సామీ, ఏ వారమో చెప్పలేదు!" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. చావడి దగ్గర పదిమందిని పిలిపించమన్నాను. పటేలు కొడుకు వచ్చాడు, తమ్ముడూ వచ్చి దూరంగా నిలబడ్డాడు. బిళ్ళ అన్న మాట నాదనీ, చూసుకోమన్నది నేననీ, ఇతను క్షమించమని అడగలేదనీ, ఆ మాట నేనే కల్పించాననీ గొంతు దాచుకోకుండా చెప్పాను. తమ్ముడు నేలకేసి చూస్తున్నాడు.

అతను తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "బాగుండాది సామీ. అయితే ఇది తెలుగులో చెప్తివి."

"అయితే?"

"ఆ పొద్దు నువ్వు చెప్పింది కన్నడంలో కదా. ఆడ చెప్పినది ఆడ, ఆ మాటలోనే చెప్పల్ల. మా ఊర్లో వాళ్ళకు నేనేందో తెలుసు. తెలీంది కాగితానికి."

"చెప్తాను. పదప్పా," అన్నాను.

సోమవారం ఇద్దరం కచేరికి పోయాం. మెట్లెక్కి లోపలికి పోగానే నా కాళ్ళు అలవాటు చొప్పున మేజా పక్కకు పోబోయాయి. అతని పక్కన, రైతులు నిలబడే చోట నిలబడ్డాను. అక్కడినుంచి చూస్తే మేజా చాలా ఎత్తుగా ఉంటుంది. ఇప్పటి అమల్దారు ఓపికగల మనిషి, తెలుగు మాత్రం ఆయనకూ రాదు. నేను కన్నడంలో మొదటినుంచి చెప్పాను. రెండు ముక్కల్లో కాదు, పూర్తిగా, నా పేరు వచ్చిన చోటల్లా నా పేరుతో. ఆయన పాత కాగితం తెప్పించి చదువుకొని, దానికింద కొత్తగా రాయడానికి కలం తీశారు. అన్యాయంగా పోయిన సాక్ష్యం గురించి తమ్ముడు మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చన్నారు. తర్వాత రైతు వైపు చూసి, ఇతను ఏమంటాడో అది కూడా రాయాలి అన్నారు.

అతను తెలుగులో మొదలుపెట్టాడు. "సామీ, నేను ఆ పొద్దు..."

అమల్దారు నావైపు తిరిగారు. "ఏనంతానె?"

నాకు తెలిసిన పనే. నేను నోరు మూసుకున్నాను.

అతను ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి అమల్దారును చూశాడు. గొంతు సవరించుకొని, ఎద్దుల సంతలో బేరమాడే కన్నడంలో, సంతంతా వినపడేంత గట్టిగా చెప్పాడు.

"నాను తప్పు మాడిల్ల, స్వామీ. క్షమె కేళిల్ల." నేను తప్పు చేయలేదు. క్షమించమని అడగలేదు.

అమల్దారు ఆ మాటలను అతని నోటినుంచి వచ్చినవి వచ్చినట్టే రాసుకున్నారు.